పనివారి నడుము నొప్పిని ముందే పసిగట్టి నివారించడం ఎలా: చెన్నైలో గోడౌన్లు, నిర్మాణ పనులు, దుకాణాలు నడిపేవారికి సమగ్ర మార్గదర్శి

చెన్నైలో బరువు మోసే పని ఎక్కడ జరిగినా అక్కడ తెలుగు మాట వినిపిస్తుంది. రెడ్‌హిల్స్ బియ్యం గోడౌన్లలో బస్తాలు దించే ముఠాలు, నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి కోయంబేడు మార్కెట్‌కు సరుకు తెచ్చే లారీ డ్రైవర్లు, పాత మహాబలిపురం రోడ్డు (ఓఎంఆర్) వెంట లేస్తున్న అపార్ట్‌మెంట్ల కోసం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన నిర్మాణ కూలీలు, తరాలుగా ఈ నగరాన్ని శుభ్రం చేస్తున్న పారిశుధ్య కార్మికులు, వీరిలో ఎవరిని కదిపినా నడుము నొప్పి ప్రస్తావన రాకుండా మాట ముగియదు. ప్రపంచవ్యాప్తంగా 2020లో 61.9 కోట్ల మంది ఈ నొప్పితో బాధపడ్డారనీ, 2050 నాటికి ఆ సంఖ్య 84.3 కోట్లకు చేరుతుందనీ ప్రపంచ వ్యాధి భారంపై జరిగిన అధ్యయనం అంచనా వేసింది. మనిషి ప్రాణం తీయకుండానే అతని పనిని, సంపాదనను, నిద్రను ఏళ్ల తరబడి హరించే జబ్బుల్లో దీనిదే మొదటి స్థానం.

ఈ మార్గదర్శి పనివారిని పెట్టుకున్నవారి కోసం, పని చేయించే ముఠా మేస్త్రీల కోసం, సూపర్‌వైజర్ల కోసం రాసింది. ఇందులో ప్రధానంగా చెప్పదలచినది ఒక్కటే. ఎవరి వెన్ను బలహీనమో వెతకడం వల్ల నడుము నొప్పి ముందుగా తెలియదు. ఏ పని ఎవరి వెన్నునైనా అరగదీస్తుందో కొలిస్తే తెలుస్తుంది. నివారణ కూడా అక్కడి నుంచే మొదలవ్వాలి.

మొదటి మెట్టు: దేన్ని చూసి ముందే చెప్పగలమో తెలుసుకోండి

కొత్తవారిని పనిలోకి తీసుకునేటప్పుడు నడుముకు ఎక్స్‌రే తీయించి, అందులో తేడా కనిపిస్తే వద్దనే పద్ధతి కొన్ని చోట్ల ఇప్పటికీ ఉంది. దాన్ని వెంటనే మానేయండి. ఏ నొప్పీ లేని మనుషులకు తీసిన స్కాన్‌లను పరిశీలించి 2015లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం, 20 ఏళ్ల వయసువారిలోనే నూటికి 37 మందికి వెన్నుపూసల మధ్య డిస్కులు అరిగినట్టు కనిపించింది. 80 ఏళ్లవారిలో ఆ సంఖ్య 96. అరుగుదల కనిపించినంత మాత్రాన రేపు నొప్పి వస్తుందని చెప్పలేము, కనిపించనంత మాత్రాన రాదనీ చెప్పలేము. అలాంటి పరీక్షతో ఒక కుటుంబం పొట్టకొట్టడం అన్యాయం.

నిజంగా ముందు సూచన ఇచ్చేవి వేరే ఉన్నాయి. అన్నిటికంటే బలమైనది గతంలో వచ్చిన నొప్పి. ఒకసారి నడుము పట్టేసి తగ్గినవారిలో దాదాపు 70 శాతం మందికి ఏడాది లోపే మళ్లీ వచ్చినట్టు ఒక అధ్యయనంలో తేలింది. ఆ తర్వాత పని తీరు చూడాలి: శరీరానికి దూరంగా పట్టుకుని ఎత్తే బరువు, వంగి పక్కకు తిరగడం, రోజంతా అదే కదలికను తిరిగి తిరిగి చేయడం, లారీ సీటు నుంచి గంటల తరబడి వెన్నుకు తగిలే అదురు. పొగతాగడం, అధిక బరువు కూడా తమ వంతు భారం వేస్తాయి.

ఇంకొకటి చాలామంది లెక్కలోకి తీసుకోరు. అమెరికాలో బోయింగ్ విమాన కర్మాగారంలో 3,000 మందికి పైగా ఉద్యోగులను కొన్నేళ్లు గమనించి 1991లో ప్రచురించిన అధ్యయనంలో, తమ పని తమకు దాదాపు ఎప్పుడూ నచ్చదని చెప్పినవారు నడుము నొప్పి గురించి ఫిర్యాదు చేసే అవకాశం మిగతావారికంటే రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. వారి నొప్పి అబద్ధమని దీని అర్థం కాదు. కూలి ఎప్పుడు చేతికొస్తుందో తెలియక, మాట పడుతూ, ఊపిరి సలపని ఒత్తిడిలో చేసే పనిలో కండరాలు సడలవు, చిన్న నొప్పి తగ్గే తీరిక కూడా దొరకదు. కూలి సమయానికి ఇవ్వడం కూడా నడుము నొప్పి నివారణలో భాగమేనని నేను నమ్ముతాను.

రెండో మెట్టు: నొప్పి పుస్తకం తెరవండి

హాజరు పుస్తకం పక్కనే మరో పుస్తకం పెట్టండి. పనివారు ప్రతి ఒక్కరినీ మూడు ప్రశ్నలు అడిగి రాయాలి: గత 12 నెలల్లో ఎప్పుడైనా నడుము నొప్పి వచ్చిందా? గత 7 రోజుల్లో వచ్చిందా? దానివల్ల రోజువారీ పని మానుకోవాల్సి వచ్చిందా? నార్డిక్ దేశాల పరిశోధకులు 1987లో రూపొందించిన ప్రశ్నావళి ఈ తరహాదే. దేశదేశాల కర్మాగారాల్లో దాన్నే వాడుతున్నారు. ఆ తర్వాత నెలకొకసారి 7 రోజుల ప్రశ్న ఒక్కటే అడిగితే చాలు.

అడిగే తీరు మీదనే జవాబు ఆధారపడి ఉంటుంది. పలాస నుంచి వచ్చిన కూలీని తమిళ సూపర్‌వైజరు అందరి ముందూ నిలబెట్టి "నొప్పి ఉందా" అంటే "లేదండీ" అనే జవాబే వస్తుంది, ఎందుకంటే ఉందంటే రేపటి కూలి పోతుందని అతని భయం. అతని భాషలో, అతని యాసను గౌరవించే మనిషి చేత, విడిగా అడిగించండి. నొప్పి చెప్పినందుకు ఎవరి కూలీ కోయబోమని ముందే మాట ఇచ్చి, దాన్ని నిలబెట్టుకోండి. ఆ మాట ఒక్కసారి తప్పితే ఆ తర్వాత పుస్తకంలో చేరేవన్నీ అబద్ధాలే.

నొప్పిని వారు చెప్పిన మాటల్లోనే రాయండి. "నడుం లాగుతోంది" అనేవాడు, "పట్టేసింది, లేవలేకపోతున్నాను" అనేవాడు, "తొడ వెనక నుంచి పాదం దాకా జిల్లుమని దిగుతోంది" అనేవాడు ముగ్గురూ మూడు వేర్వేరు స్థితుల్లో ఉన్నారు. మూడోవాడిని ఆ వారంలోనే డాక్టరుకు చూపించాలి. నొప్పి ఏ పని చేస్తుండగా, రోజులో ఏ వేళకు మొదలైందో కూడా పక్కనే రాయండి. రెండు నెలలు గడిచేసరికి ఏ పని దగ్గర పేర్లు గుమికూడుతున్నాయో ఆ పుస్తకమే చూపిస్తుంది.

మూడో మెట్టు: టేపు, కాటా, గడియారం తీసుకుని పని దగ్గర నిలబడండి

పుస్తకం చూపించిన చోటుకు వెళ్లి, పని మొదలైనప్పటి నుంచి కనీసం ఒక పూట చూడండి. బరువును కాటా మీద పెట్టి తూచండి. బస్తా మీద అచ్చువేసిన అంకెను నమ్మకండి, తడిసిన ఇసుక సంచి, మట్టి అంటిన కూరగాయల గోనె చెప్పినదానికంటే బరువుగా ఉంటాయి. ఎత్తే క్షణంలో రెండు చీలమండల మధ్య నుంచి చేతుల వరకు అడ్డంగా ఎంత దూరం ఉందో, నేల నుంచి చేతులు ఎంత ఎత్తులో ఉన్నాయో, ఎంత ఎత్తుకు లేపుతున్నారో టేపుతో కొలవండి. మనిషి ఎటు తిరిగి దించుతున్నాడో, నిమిషానికి ఎన్నిసార్లు ఎత్తుతున్నాడో, విరామం లేకుండా ఎంతసేపు ఆ పని సాగుతోందో రాసుకోండి. పట్టు దొరికే పిడి ఉందా, లేక జారే ప్లాస్టిక్ సంచిని గోళ్లతో పట్టుకుంటున్నారా అన్నదీ చూడండి.

నాలుగో మెట్టు: లెక్క వేయండి

అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధనా సంస్థ నియోష్ 1981లో ఒక సూత్రం ఇచ్చి, 1991లో దాన్ని సవరించింది. నేటికీ అత్యధికంగా వాడేది అదే. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు, అంటే బరువు శరీరానికి దగ్గరగా, నడుము ఎత్తులో, మెలి తిరగకుండా, అరుదుగా, మంచి పట్టుతో ఎత్తేటప్పుడు, సిఫారసు చేయదగిన గరిష్ఠ బరువు 23 కిలోలని అది చెబుతుంది. ఏ ఒక్కటి తేడా వచ్చినా, దానికి సూత్రం ఇచ్చే 1 కంటే చిన్న అంకెతో, అంటే గుణకంతో, గుణించాలి కాబట్టి ఆ 23 తగ్గుతూ పోతుంది. నిజంగా ఎత్తుతున్న బరువును, తగ్గిన ఆ అంకెతో భాగిస్తే వచ్చేదే సూచిక. అది 1 దాటితే ముప్పు పెరుగుతున్నట్టు, 3 దాటితే చాలామందికి దెబ్బ తగిలే పని అన్నట్టు.

రెడ్‌హిల్స్ గోడౌన్లలో మామూలుగా కనిపించే ఒక పనిని ఉదాహరణగా తీసుకుందాం. 26 కిలోల బియ్యం బస్తా నేల మీద ఉంది. చేతులు నేలకు 15 సెంటీమీటర్ల ఎత్తులో, చీలమండలకు 40 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి. దాన్ని 120 సెంటీమీటర్ల ఎత్తున్న దొంతర మీదకు, 45 డిగ్రీలు పక్కకు తిరిగి, నిమిషానికి రెండు చొప్పున, గంటకు మించి రెండు గంటల లోపు వేస్తున్నారు.

దూరానికి సంబంధించిన గుణకం 25ను 40తో భాగిస్తే వచ్చే 0.625. దానితో 23 కాస్తా 14.4 కిలోలైంది. నేల నుంచి ఎత్తుతున్నందుకు గుణకం 0.82, దానితో 11.8. లేపే ఎత్తు 105 సెంటీమీటర్లకు 0.86, దానితో 10.2. మెలికకు 0.856, దానితో 8.7. వేగానికి 0.84, దానితో 7.3. పిడి లేని సంచికి 0.90, దానితో మిగిలేది 6.6 కిలోలు. 26ను 6.6తో భాగిస్తే సూచిక దాదాపు 4. రోజూ అలవాటుగా జరిగే పని, ఎవరూ తప్పుపట్టని పని, అసలు ఎత్తకూడనంత భారమైనదని ఈ లెక్క చెబుతోంది.

ఇప్పుడు అదే బస్తాను 75 సెంటీమీటర్ల ఎత్తున్న బల్ల మీదకు చేర్చి, అక్కడి నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, తిరగకుండా ఎదురుగానే ఉన్న మీటరు ఎత్తు దొంతర మీద అదే వేగంతో వేయించండి. సిఫారసు బరువు 14.5 కిలోలకు పెరుగుతుంది, సూచిక 1.8కి దిగుతుంది. బస్తా అదే, మనిషీ అతడే. మారినదల్లా ఎత్తు, దూరం, దిశ.

ఇక్కడ బస్తా గురించి ఒక మాట. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యంపై 5 శాతం జీఎస్టీ వచ్చాక, పన్ను తప్పించుకోవడానికి 26 కిలోల సంచులు మార్కెట్లో విరివిగా కనిపించసాగాయి. ఎంత అనుకూలమైన స్థితిలో ఎత్తినా 26 కిలోల బస్తా సూచిక 1 దాటే ఉంటుంది. ఎవరో కాగితం మీద వేసుకున్న పన్ను లెక్క ముఠా కూలీ వెన్ను మీదకు వచ్చి కూర్చుంది. 50 కిలోల సిమెంటు బస్తా సంగతి చెప్పనక్కరలేదు.

ఈ సూత్రానికి హద్దులున్నాయి. రెండు చేతులతో, నిలబడి, నెమ్మదిగా ఎత్తడానికే ఇది వర్తిస్తుంది. తల మీద, భుజం మీద మోసుకుని నడవడానికి, తోపుడు బండి నెట్టడానికి, జారే నేల మీద పనికి దీన్ని వాడకూడదు. అలాంటి పనుల విషయంలో నొప్పి పుస్తకాన్ని, మీ కంటిని నమ్ముకోవాలి.

ఐదో మెట్టు: మనిషిని కాదు, ముందు పనిని మార్చండి

"సరిగ్గా వంగి ఎత్తడం నేర్పండి" అనేది అందరూ ఇచ్చే సలహా. ఒక రోజు శిక్షణ పెట్టి, గోడకు బొమ్మల పోస్టరు అంటించి, బాధ్యత తీరిందనుకోవడం చాలా చోట్ల చూస్తాం. బరువెత్తే పద్ధతి నేర్పడం ఒక్కటే నడుము నొప్పిని తగ్గించిందని చెప్పడానికి ఆధారం లేదని, ఇలాంటి అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించిన కాక్రేన్ సమీక్ష స్పష్టంగా చెప్పింది. కారణం ఊహించదగినదే. లారీ అరగంటలో ఖాళీ కావాలన్నప్పుడు, బస్తా నేల మీద ఉన్నప్పుడు, పక్కన నిలబడడానికే చోటు లేనప్పుడు, నేర్చుకున్న పద్ధతి పాటించే వీలు ఎవరికీ ఉండదు. మోకాళ్లు వంచి ఎత్తడమా, నడుము వంచి ఎత్తడమా అన్న వాదం కంటే, బరువు పొట్టకు ఎంత దగ్గరగా ఉందన్నదే ముఖ్యం.

మార్పులను ఈ వరుసలో ఆలోచించండి. ఆ ఎత్తుడు అసలు అవసరమా అన్నది మొదటి ప్రశ్న. లారీ నుంచి నేలకు, నేల నుంచి కాటాకు, కాటా నుంచి దొంతరకు ఒకే బస్తాను మూడుసార్లు ఎత్తే గోడౌన్లు ఎన్నో ఉన్నాయి. కాటాను లారీ తలుపు దగ్గరకు తెచ్చి, తూచిన బస్తా నేరుగా ట్రాలీ మీదకు వెళ్లేలా చేస్తే ఒక ఎత్తుడు పూర్తిగా పోతుంది. అలా పోయిన ఎత్తుడు మళ్లీ ఎవరికీ నొప్పి తేదు.

రెండోది యంత్రం. చేత్తో నడిపే హైడ్రాలిక్ ప్యాలెట్ ట్రక్కు, రెండు చక్రాల నిలువు ట్రాలీ, లారీ నుంచి జార్చే బల్ల, నిర్మాణ స్థలంలో చిన్న లిఫ్టు, ఇవేవీ పెద్ద కంపెనీలకే పరిమితమైన ఖర్చులు కావు. అయితే నేల గుంతలుగా ఉంటే ట్రాలీ కొన్న వారానికే మూలకు చేరుతుంది. ముందు నేల బాగు చేయించండి. బండిని లాగడం కంటే నెట్టడం నడుముకు మేలు. పారిశుధ్య కార్మికుల బండ్లకు పెద్ద చక్రాలు, నడుముకు మోచేతికి మధ్య ఎత్తులో పిడి ఉండాలి. పొట్టి చీపురుతో వంగి ఊడ్పించే అలవాటు మాన్పించి, పొడుగు కర్ర చీపుర్లు ఇవ్వడానికి పెద్ద ఖర్చు కూడా కాదు. ఇన్నేళ్లయినా అది అన్నిచోట్లా జరగకపోవడం బాధాకరం.

మూడోది ఎత్తు. మోకాలి నుంచి భుజం వరకు ఉన్న మధ్య భాగాన్నే బరువులకు వాడండి. ఎక్కువగా కదిలే సరుకు నడుము ఎత్తు అరలో, తేలికైనవి పై అరలో, అరుదుగా తీసేవి కింద ఉండాలి. నేల మీద వేసే మొదటి వరుస బస్తాల కింద ప్యాలెట్లు దొంతరగా పెడితే వంగడం తగ్గుతుంది. తాపీమేస్త్రీల విషయంలో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఇటుకలు, సిమెంటు మాలు నేల మీద ఉంచితే ప్రతి ఇటుకకూ ఒకసారి వంగాలి; వాటిని మోకాలి పైన బల్ల మీద ఉంచి, గోడ లేస్తున్నకొద్దీ పరంజాను కొద్దికొద్దిగా పెంచుతూ పోతే ఆ వంగుళ్లన్నీ తప్పుతాయి. ఈ మార్పుతో మేస్త్రీ పని వేగం తగ్గదు, పెరుగుతుంది.

నాలుగోది బరువును విడదీయడం, లేదా ఇద్దరు కలిసి ఎత్తడం. ఇద్దరు ఎత్తితే బలం రెట్టింపు అవుతుందనుకోకండి. ఇద్దరి విడివిడి శక్తిని కలిపి అందులో మూడింట రెండు వంతులుగా లెక్క వేసుకోవడం క్షేమం. ఇద్దరూ ఇంచుమించు ఒకే ఎత్తువారై ఉండాలి, ఒకరే "ఎత్తు" అని పిలుపు ఇవ్వాలి.

చట్టం కూడా ఈ దిశలోనే ఉంది. గాయం కలిగించేంత బరువును ఎవరి చేతా ఎత్తించకూడదని, 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్‌లోనే రాశారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో ఇచ్చిన సిఫారసు వయోజన పురుషుడు చేత్తో మోసే బరువుకు 55 కిలోల పైహద్దు పెట్టింది. అది మించకూడని హద్దు మాత్రమే. రోజంతా మోయించవచ్చని ఇచ్చిన అనుమతి కాదు.

బరువు లేని పనుల గురించి క్లుప్తంగా. టి.నగర్ దుకాణాల్లో రోజంతా నిలబడే అమ్మాయిలకు కుర్చీ వేయడం మీ దయ కాదు, వారి హక్కు. 2021లో తమిళనాడు తన దుకాణాలు, సంస్థల చట్టాన్ని సవరించి దీన్ని తప్పనిసరి చేసింది. కుర్చీ వేస్తే సరిపోదు, కూర్చుంటే ఎవరూ గదమాయించకూడదు. కంప్యూటరు ముందు పనిచేసేవారికి ఖరీదైన కుర్చీ కంటే అరగంటకు ఒకసారి లేచి నడవడం ముఖ్యం. డ్రైవర్ల సీటు స్ప్రింగులు, టైర్లలో గాలి సరిగా ఉన్నాయో లేదో నెలకొకసారి చూడాలి. రోజంతటి సగటు అదురు తీవ్రత, అంటే త్వరణం, సెకను వర్గానికి 0.5 మీటర్లు దాటితే చర్య తీసుకోవాలని, 1.15 దాటనే కూడదని ఐరోపా సమాఖ్య 2002లో నియమం పెట్టింది. గుంతల రోడ్డు మీద వేగం తగ్గించడం ఆ అదురును తగ్గించే చౌకైన మార్గం.

ఆరో మెట్టు: వేళలను గౌరవించండి

చెన్నైలో బరువు పని తెల్లవారకముందే మొదలవుతుంది. కోయంబేడులో సరుకు దిగేది చాలావరకు రాత్రి, వేకువల్లోనే. లోడ్‌మెన్ అక్కడే గోనెల మీద ఒక కునుకు తీసి, లారీ హారను వినగానే లేచి నేరుగా బస్తా కింద భుజం పెడతారు. వెన్నుకు ఇంతకంటే చెడ్డ వేళ లేదు.

పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి; అందుకే ఉదయాన మనిషి సాయంత్రం కంటే ఒక సెంటీమీటరుకు పైగా పొడవుంటాడు. ఉబ్బిన డిస్కు మీద వంగుడు కలిగించే ఒత్తిడి మిగతా వేళల్లోకంటే చాలా ఎక్కువ. లేచాక మొదటి గంటలోనే ఆ ఉబ్బు చాలావరకు తగ్గుతుంది. నిద్ర లేచిన తొలి రెండు గంటలు వంగకుండా జాగ్రత్తపడిన దీర్ఘకాలిక నడుము నొప్పి రోగులకు నొప్పి తగ్గినట్టు 1998లో ఒక ప్రయోగం చూపింది. వేకువ పనిని ఆపమని నేను అనడం లేదు, మార్కెట్టు అలా నడవదు. కానీ లేచాక కనీసం అరగంట నడక, తూకం రాయడం, బండ్లు సర్దడం, తేలిక పెట్టెలు అందించడం లాంటి పనులు పెట్టి, ఆ తర్వాతే నేల నుంచి ఎత్తే బరువులకు రావచ్చు. ముఠా మేస్త్రీ తలచుకుంటే ఒక్క పైసా ఖర్చు లేకుండా రేపటి నుంచే చేయగల మార్పు ఇది.

డ్రైవరుకూ ఇదే వర్తిస్తుంది. నెల్లూరు నుంచి 175 కిలోమీటర్లు సీటులో వంగి కూర్చుని వచ్చినవాడి నడుము స్నాయువులు సాగి, పట్టు సడలి ఉంటాయి. దిగిన వెంటనే అతని చేత సరుకు దించించకండి. పది నిమిషాలు నడిచి, టీ తాగి వచ్చాకనే చేయి వేయనివ్వండి. వేరేవారు దించితే మరీ మంచిది.

కొత్తగా ఊరి నుంచి వచ్చినవారికి, పండక్కి వెళ్లి నెల తర్వాత తిరిగి వచ్చినవారికి మొదటి వారం సగం బరువుతో మొదలుపెట్టి, రెండు మూడు వారాల్లో పూర్తి పనికి తీసుకురండి.

ఏడో మెట్టు: శరీరాన్ని సిద్ధం చేయండి

2016లో ప్రచురితమైన ఒక సమీక్ష నివారణ పద్ధతులన్నిటినీ పక్కపక్కన పెట్టి చూసింది. వ్యాయామం ఒక్కటే నడుము నొప్పి ముప్పును 35 శాతం, వ్యాయామంతో పాటు అవగాహన కలిపితే 45 శాతం తగ్గించాయి. అవగాహన ఒక్కటే, నడుము బెల్టులు, బూట్లలో వేసే మెత్తలు పని చేసినట్టు ఆధారం దొరకలేదు. బెల్టుల విషయంలో అమెరికాలో 160 దుకాణాల్లో సరుకు మోసేవారిని గమనించి 2000లో వెలువరించిన అధ్యయనంలో కూడా, బెల్టు తప్పనిసరి చేసిన చోట నొప్పులు తగ్గలేదు. బెల్టులకు పెట్టే డబ్బు ట్రాలీకి పెట్టండి.

వ్యాయామానికి పని వేళలోనే, కూలి కట్టే సమయంలోనే, పది నిమిషాలు ఇవ్వండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిరుదులను పైకెత్తి నిలపడం; చేతులు, మోకాళ్ల మీద ఉండి కుడి చేయి, ఎడమ కాలు చాచి, తర్వాత మార్చడం; పక్కకు పడుకుని మోచేతి మీద శరీరాన్ని లేపి నిలపడం; ఈ మూడూ నడుము చుట్టూ ఉన్న కండరాలకు సరిపోతాయి. ఒక్కొక్కటి పది సెకన్లు నిలిపి, కొన్నిసార్లు చేయిస్తే చాలు.

నడక గురించి 2024లో ఆస్ట్రేలియా నుంచి 701 మందిపై జరిపిన మంచి ప్రయోగం వెలువడింది. నడుము నొప్పి తగ్గినవారు క్రమంగా వారానికి ఐదు రోజులు, రోజుకు 30 నిమిషాల నడకకు చేరుకుంటే, నొప్పి తిరిగి రావడానికి పట్టిన మధ్యస్థ కాలం 112 రోజుల నుంచి 208 రోజులకు పెరిగింది. డ్రైవర్లకు, దుకాణాల వారికి, ఆఫీసు పనివారికి దీన్ని గట్టిగా సిఫారసు చేస్తాను. రోజంతా బరువుతో నడిచే లోడ్‌మన్‌కు మాత్రం అదనపు నడక కంటే నిద్ర, భోజనం, ఎండ వేళ నీళ్లు, విరామం ఎక్కువ మేలు చేస్తాయి.

ఎనిమిదో మెట్టు: నొప్పి మొదలైనప్పుడు మొదటి వారాలను వృథా చేయకండి

ముందుగా ప్రమాద సూచనలు. మూత్రం రాకపోవడం లేదా ఆపుకోలేకపోవడం, మల విసర్జన మీద పట్టు తప్పడం, తొడల మధ్య తిమ్మిరి, కాళ్లలో బలం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా అదే గంటలో పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పైనుంచి పడిన తర్వాత వచ్చిన నొప్పి, సాయంత్రం పూట జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి, గతంలో క్యాన్సర్, వీటిలో ఏది ఉన్నా వెంటనే డాక్టరుకు చూపించాలి. వెన్నెముకకు వచ్చే క్షయ మన దేశంలో అరుదు కాదు. పనివల్ల వచ్చిన నొప్పిలే అని దాన్ని నెలల తరబడి మోసినవారు కాళ్లు పోగొట్టుకున్న సందర్భాలున్నాయి.

ఈ సూచనలేవీ లేకపోతే, అది నూటికి 90 పాళ్లు ప్రత్యేక కారణమంటూ చెప్పలేని సాధారణ నొప్పే. మంచం పట్టడం దాన్ని తగ్గించదు, పొడిగిస్తుంది. కదలగలిగినంత కదులుతూ, వంగి ఎత్తే పనికి దూరంగా, తూకం రాయడం, లెక్క చూడడం, తేలిక సరుకు సర్దడం లాంటి పనిలో పూర్తి కూలీతో ఉంచండి. మెడికల్ షాపులో నొప్పి మాత్ర కొని మింగి, ఎండలో నీళ్లు లేకుండా మళ్లీ బస్తా ఎత్తడం మూత్రపిండాలకు ప్రమాదం. ఈ అలవాటును మేస్త్రీలు గట్టిగా ఆపాలి.

రెండు వారాలకూ తగ్గకపోతే మనసును కూడా అడగండి. ఇంగ్లండ్‌లోని కీల్ విశ్వవిద్యాలయం 2008లో ప్రచురించిన తొమ్మిది ప్రశ్నల పరీక్ష నొప్పి కాలికి దిగుతోందా అన్నదానితో పాటు, కదలడం ప్రమాదమని భయపడుతున్నారా, ఇక ఎప్పటికీ తగ్గదని అనిపిస్తోందా, ఇష్టమైన వాటి మీద ఆసక్తి పోయిందా అని కూడా అడుగుతుంది. ఆ భయాలు ఎక్కువగా ఉన్నవారికే నొప్పి దీర్ఘకాలం నిలిచిపోయే ముప్పు ఎక్కువ. "నడుము జారిపోయింది, ఇక బరువెత్తకూడదు" అని ఎవరో అన్న మాటతో ఊరికి వెళ్లిపోయిన మనిషికి, ఫిజియోథెరపిస్టు పక్కన నిలబడి మెల్లగా పని చేయించడమే మందు. నెలకు 21,000 రూపాయల వరకు వేతనం ఉన్నవారిని ప్రభుత్వ కార్మిక బీమా పథకం ఈఎస్ఐలో చేర్పించండి. అర్హత ఉన్నవారికి చికిత్సతో పాటు, పనికి రాలేని రోజులకు ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం వస్తుంది.

తొమ్మిదో మెట్టు: మూడు నెలలకు మళ్లీ కొలవండి

మార్పు చేసిన ప్రతి పనికీ సూచికను మళ్లీ లెక్కవేసి పాత అంకె పక్కన రాయండి. 3 పైన ఉన్నవాటిని 2 కిందికి దించడం మొదటి ఏడాదికి న్యాయమైన లక్ష్యం. కొలతలకు, శిక్షణకు సాయం కావాలంటే తరమణిలో కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ కార్మిక సంస్థ ఉంది. కర్మాగారాల భద్రత దాని ప్రధాన విషయం.

నొప్పి పుస్తకాన్ని చదివేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోండి. మొదటి మూడు నెలల్లో నొప్పి చెప్పేవారి సంఖ్య పెరుగుతుంది. చాలామంది యజమానులు అక్కడే నిరాశపడి పుస్తకం మూసేస్తారు. అంతకుముందు దాచుకున్న నొప్పులు ఇప్పుడు బయటికి వస్తున్నాయి, అంతే. కాబట్టి చెప్పినవారి సంఖ్యను కాక, నొప్పివల్ల పోయిన పని దినాలను, ఊరికి వెళ్లిపోయి తిరిగి రానివారి సంఖ్యను, చెప్పిన నొప్పి ఎన్ని రోజుల్లో తగ్గిందన్నదాన్ని చూడండి. ఆరు నెలలకు ఈ మూడూ తగ్గకపోతే, మీరు మార్చినది అసలైన పనిని కాదని అర్థం. టేపు తీసుకుని మూడో మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టండి, ఈసారి ఆ పని చేసే మనిషినే పక్కన నిలబెట్టుకుని, ఏది మారిస్తే తేలికవుతుందో అతన్నే అడగండి.